ముందు ఆ హార్డ్‌డిస్క్‌ని కాపీ చేయండి, షేరింగ్ సంగతి తర్వాత

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో మావారు, నేను, మామగారు, ఇద్దరు పిల్లలు. హాల్లో ఒక పాత విండోస్ 10 డెస్క్‌టాప్, రెండు లాప్‌టాప్‌లు, ఒక ఆండ్రాయిడ్ టీవీ, అందరికీ ఫోన్లు ఉన్నాయి. మా పెళ్ళి వీడియోలు, పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ ఒకే 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో పెట్టాం. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్తారు. ఈ మధ్య అది పెట్టగానే కనబడడం లేదు, రెండు మూడుసార్లు తీసి పెడితే గానీ రావడం లేదు. ఇలా చేతులు మార్చకుండా వైఫై మీదే అందరం చూసుకునేలా చేయాలని ఉంది. మా ఫైబర్ రౌటర్‌కి యూఎస్‌బీ పోర్టు ఉంది, డిస్క్ దానికి తగిలిస్తే చాలంటారు మావారు. డెస్క్‌టాప్ నుంచి షేర్ చేస్తానంటాడు మా అబ్బాయి. నాస్ అని, డిస్క్‌లు పెట్టుకునే చిన్న పెట్టె ఏదో కొనుక్కోమంటాడు షాపాయన. పై అంతస్తులో సిగ్నల్ కోసం ఇంకో రౌటర్ కూడా పెట్టాం. డాలస్‌లో ఉన్న మా మరిది వాళ్ళకూ ఈ ఫొటోలు అందాలి. ఇంకొకటి, మామగారు ఫైళ్ళ పేర్లన్నీ తెలుగులోనే పెడతారు, దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను మీరు మధ్యలో మామూలుగా రాసేశారు. "రెండు మూడుసార్లు తీసి పెడితే గానీ రావడం లేదు" అన్నారే, అది. రౌటర్, డెస్క్‌టాప్, నాస్ మూడిట్లో ఏదన్నది వచ్చే నెల తేల్చుకున్నా నష్టం లేదు. డిస్క్ సంగతి మాత్రం ఈ వారం దాటనివ్వకండి. దాంట్లో ఉన్నవాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదని మీ మాటలను బట్టే అర్థమవుతోంది.

తప్పు కేబుల్‌దే కావచ్చు కూడా. పోర్టబుల్ డిస్క్‌లకు ఉండే ఆ వెడల్పాటి చిన్న సాకెట్ తరచూ పెట్టి తీస్తుంటే వదులవుతుంది. వేరే కేబుల్ తెచ్చి, డెస్క్‌టాప్‌కి ముందు కాకుండా వెనకవైపున్న పోర్టులో పెట్టి చూడండి. వెనక పోర్టులకు కరెంటు నిలకడగా అందుతుంది. డిస్క్ కనబడితే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరవండి. పైన ఆరోగ్యం ఎలా ఉందో రంగుతో చూపిస్తుంది, పసుపు ఉంటే జాగ్రత్త పడాలి. కింద 'రీఅలొకేటెడ్ సెక్టర్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టర్స్' అనే వరసలు ఉంటాయి. వాటి చివర సున్నాలు కాకుండా వేరే అంకె ఉంటే, డిస్క్ మీద కొన్ని చోట్లు పాడయ్యాయని, లేదా చదవడానికి రావడం లేదని అర్థం. కేబుల్ మార్చగానే అంతా సరిగ్గా ఉన్నా సరే, కాపీ మాత్రం మానకండి.

కాపీకి కొత్త డిస్క్‌లు రెండు కొనండి. ఒకటి డెస్క్‌టాప్ లోపల బిగించేది, ఒకటి పోర్టబుల్. రెండెందుకో తర్వాత చెప్తాను. కాపీ చేసేటప్పుడు మొత్తం ఒకేసారి లాగకండి. మళ్ళీ ఎక్కడా దొరకనివి ముందు, అంటే పిల్లల ఫొటోలు, పెద్దవాళ్ళ ఫొటోలు. తర్వాత కాగితాల స్కాన్లు. ఆ తర్వాత పెళ్ళి వీడియోలు. సినిమాలు ఆఖర్న, అవి రాకపోయినా పర్వాలేదు. మధ్యలో ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని స్కిప్ చేసి ముందుకు వెళ్ళండి, దానితో కుస్తీ పట్టకండి. డిస్క్‌ని సర్దే డీఫ్రాగ్, తప్పులు వెతికే చెక్‌డిస్క్ లాంటివి ఇప్పుడు నడపొద్దు. నలిగిన డిస్క్‌తో అవి ఇంకా పని చేయిస్తాయి. "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ ఎప్పుడైనా అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కంగారులో చాలామంది ఓకే నొక్కేది అక్కడే. లోపల నుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తే వెంటనే తీసేసి ఇక పెట్టకండి. ఆ దశ దాటితే డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడమే దారి, మీరు ఎన్నిసార్లు ప్రయత్నిస్తే వాళ్ళకు దొరికేది అంత తగ్గుతుంది.

కాపీ అయ్యాక పాత డిస్క్‌ని చెరిపేయకండి. మీద తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టండి.

ఇప్పుడు మీ ఇంట్లో నడుస్తున్న మూడు వాదనలు చూద్దాం. మీవారు చెప్పిన రౌటర్ దారి వినడానికి అన్నిటికంటే సులువు. డిస్క్ తగిలించడం, రౌటర్ సెట్టింగ్స్‌లో ఒక మీట నొక్కడం, అంతే. నేనైతే మీకు వద్దనే చెప్తాను. ఫైబర్ కంపెనీలు ఇచ్చే రౌటర్లలో యూఎస్‌బీ పోర్టు పేరుకు ఉంటుంది గానీ లోపలున్న చిప్‌కి ఫైళ్ళు వడ్డించేంత సత్తువ ఉండదు. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటే నింపాదిగా వస్తాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు నిబంధన ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే, పోర్టబుల్ డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతుంది. అసలే నీరసంగా ఉన్న డిస్క్‌కి కరెంటు కూడా చాలకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని రౌటర్లు ఫ్యాట్32 తరహా ఫార్మాట్‌నే చదువుతాయి. దాంట్లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియోలు చాలావరకు దాటుతాయి. ఇవన్నీ సర్దుకోవచ్చు అనుకున్నా, నాకు నచ్చని సంగతి ఇంకోటి ఉంది. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్ళకూ, పక్కింటి పిల్లాడితో సహా, మీ ఆధార్ స్కాన్లు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు కనబడతాయి. ఎవరికి ఏది చూపించాలో విడివిడిగా చెప్పే వీలు ఈ రౌటర్లలో చాలావాటికి ఉండదు, ఉన్నా నామమాత్రం.

మీ అబ్బాయి చెప్పిందే సరైన మొదలు. కొత్తగా కొనేది డిస్క్‌లు మాత్రమే, నేర్చుకునేది ఎక్కువ. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం తెరుస్తారో రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది. నాస్ కొనాలా వద్దా అన్నది అప్పుడు అంచనాతో కాక అనుభవంతో తేల్చుకోవచ్చు.

విండోస్ ఫైళ్ళు పంచుకునే పద్ధతిని ఎస్‌ఎమ్‌బీ అంటారు. మీ ఫోన్లు, టీవీ, ఐఫోన్ ఉంటే అది కూడా, అన్నీ ఈ భాష మాట్లాడగలవు. డెస్క్‌టాప్‌లో ముందు చేయాల్సింది నెట్‌వర్క్‌ని 'ప్రైవేట్' అని మార్చడం. 'పబ్లిక్' అని ఉంటే విండోస్ తలుపులు వేసుకుని కూర్చుంటుంది. తర్వాత 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ఆన్ చేయాలి. ఇంతవరకు మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. ఆ తర్వాతే చాలా ఇళ్ళలో ఒక పూట పోతుంది. డెస్క్‌టాప్‌లోకి వెళ్ళడానికి మీరు రోజూ నాలుగంకెల పిన్ కొడుతుంటారు కదా, లాప్‌టాప్ నుంచి షేర్ తెరిచినప్పుడు అది పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు అదే పిన్ ఇస్తారు, తప్పంటుంది. మళ్ళీ ఇస్తారు, మళ్ళీ తప్పంటుంది. పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పని చేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. అసలు పాస్‌వర్డే పెట్టని అకౌంట్ అయితే నెట్‌వర్క్ నుంచి రానివ్వదు కూడా.

దీనికి తేలికైన మార్గం, షేరింగ్ కోసమే డెస్క్‌టాప్‌లో రెండు లోకల్ అకౌంట్లు తయారుచేయడం. మైక్రోసాఫ్ట్ మెయిల్‌తో సంబంధం లేకుండా. ఒకటి ఇంటిల్లిపాదికీ, ఒకటి మీకూ మీవారికీ. ఆ అకౌంట్లలోకి ఎవరూ లాగిన్ అవ్వక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. 'ఫొటోలు' ఫోల్డర్‌కి ఇంటి అకౌంట్‌కి చదివే హక్కు, మీ అకౌంట్‌కి మార్చే హక్కు ఇవ్వండి. 'కాగితాలు' ఫోల్డర్ మీ అకౌంట్‌కి మాత్రమే. విండోస్‌లో ఈ హక్కులు రెండు చోట్ల ఉంటాయి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండిట్లో ఏది కఠినంగా ఉంటే అదే నెగ్గుతుంది. అందుకే ఒకచోట అనుమతి ఇచ్చినా ఫోల్డర్ తెరుచుకోక జనం జుట్టు పీక్కుంటారు. వీడియోల్లో చాలామంది దీనికి చెప్పే మందు 'ఎవ్రీవన్'కి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేయమని. దయచేసి ఆ పని చేయకండి.

ఎందుకంటే నెట్‌వర్క్ మీదున్న ఫోల్డర్‌లో ఒక ఫైల్ డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు. అక్కడికక్కడే పోతుంది. చిన్నపిల్ల లాప్‌టాప్‌లో తన బొమ్మ కోసం వెతుకుతూ ఒక ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కిందనుకోండి, విండోస్ ఒకసారి అడుగుతుంది, పిల్ల ఎస్ అంటుంది, ఆ ఏడాది ఫొటోలు లేవు. చదివే హక్కు మాత్రమే ఉంటే ఇది జరగదు. ఇంట్లో ఫైళ్ళు పోయేది హ్యాకర్ల కంటే ఇలాంటి పొరపాట్ల వల్లే ఎక్కువని నా నమ్మకం.

డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే అంకెలు) ఉండేలా రౌటర్‌లో 'అడ్రస్ రిజర్వేషన్' చేయించండి. లేకపోతే రౌటర్ ఆగి మొదలైనప్పుడల్లా అడ్రస్ మారే వీలుంది, టీవీ 'దొరకలేదు' అంటుంది. లాప్‌టాప్‌లలో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' చేస్తే అది మామూలు డ్రైవ్‌లాగే కనబడుతుంది, మామగారికి కొత్తగా నేర్పాల్సింది ఉండదు. ఫోన్లలో సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్, టీవీలో వీఎల్‌సీ పెట్టుకోండి. ఐఫోన్ వాళ్ళకు ఫైల్స్ యాప్‌లోనే 'కనెక్ట్ టు సర్వర్' ఉంది. మీవారి లాప్‌టాప్ ఆఫీసుదైతే దాన్ని ఇందులోకి లాగకండి. కంపెనీ వీపీఎన్ ఆన్‌లో ఉండగా ఇంటి నెట్‌వర్క్ కనబడకపోవడం సాధారణం, పైగా సొంత ఫొటోలు ఆఫీసు మిషన్‌లో ఉండడం మంచిది కాదు.

పాత టీవీ బాక్సో, పాత ఫోనో కనెక్ట్ అవ్వకపోతే "విండోస్‌లో ఎస్‌ఎమ్‌బీ 1 ఆన్ చేసుకోండి, పని చేస్తుంది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పని చేస్తుంది కూడా. కానీ 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే ప్రోగ్రాం ప్రపంచమంతా పాకింది ఆ పాత ఎస్‌ఎమ్‌బీ 1లో ఉన్న లోపం గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు దెబ్బతిన్నాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టలేషన్లలో పెట్టడం మానేసింది. ఆ తలుపు తెరిచే కంటే ఆ పాత బాక్స్‌ని పక్కన పెట్టేయడం నయం.

ఇక మీ రెండు రౌటర్లు. ఉత్తరంలో ఒక్క ముక్కలో రాశారు గానీ, అన్నీ సరిగ్గా చేసినా పైనుంచి డెస్క్‌టాప్ కనబడకపోతే కారణం నూటికి తొంభైపాళ్ళు ఇదే. కింద ఫైబర్ రౌటర్, దాని నుంచి కేబుల్ వెళ్ళి పైన రెండో రౌటర్. కింద వాటికి 192.168.1 అని మొదలయ్యే అడ్రస్‌లు, పైన వాటికి 192.168.0 అని మొదలయ్యే అడ్రస్‌లు వస్తున్నాయేమో చూడండి, ఫోన్ వైఫై వివరాల్లోనే కనబడుతుంది. అలా ఉంటే మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు నెట్‌వర్క్‌లు ఉన్నట్టు. ఇంటర్నెట్ రెండిట్లోనూ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైనున్న ఫోన్‌లో కింద డెస్క్‌టాప్ అడ్రస్ అంకెలతో కొడితే దొరకొచ్చు, పేరుతో వెతికితే దొరకదు. కింద నుంచి పైనున్న దేన్నీ చేరలేరు. రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఉంటుంది, దానికి మార్చేయండి. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. ఆ మోడ్ లేని పాత రౌటరైతే, దాని అడ్రస్‌ని మొదటి రౌటర్ వరసలో ఎవరూ వాడని ఒక అంకెకు మార్చి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కింద నుంచి వచ్చే కేబుల్‌ని ఇంటర్నెట్ కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్టులో కాక ల్యాన్ (LAN) పోర్టులో పెడితే అదే పని అవుతుంది. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్లకు మాత్రం డెస్క్‌టాప్ కనబడదు, అది కావాలనే అలా చేసిన ఏర్పాటు. చుట్టాలకు, పక్కవాళ్ళకు గెస్ట్ వైఫై పాస్‌వర్డే ఇవ్వండి.

డెస్క్‌టాప్‌ని వైఫై మీద కాకుండా కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. చూసేవాళ్ళు వైఫైలో ఉన్నా, ఇచ్చేది కేబుల్ మీద ఉంటే చాలా తేడా కనబడుతుంది. కేబుల్ పెట్టాక విండోస్ నెట్‌వర్క్ వివరాల్లో 'లింక్ స్పీడ్' ఎంత ఉందో చూడండి. 1000, అంటే గిగాబిట్, ఉంటే బాగున్నట్టు. 100 ఉంటే ఎక్కడో లోపం ఉంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి, గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. ఇళ్ళలో కేబుల్ లాగేవాళ్ళు కొందరు నాలుగు తీగలే ప్లగ్‌లో బిగించి వదిలేస్తారు, ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఇంటివాళ్ళకు తెలియదు. పారదర్శకంగా ఉండే ఆ ప్లగ్‌ని వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టవచ్చు. కేబుల్ బాగానే ఉంటే రౌటర్ పోర్టు చూడండి. ఫైబర్ రౌటర్లు కొన్నిటిలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వే.

ఈ తేడా ఎంతో లెక్క వేసి చూపిస్తాను. 100 మెగాబిట్ల లింక్ మీద వాస్తవంగా సెకనుకు 11 ఎంబీ దాకా వెళ్తుంది, గిగాబిట్ మీద 110 ఎంబీ దాకా. మీ దగ్గర 1.2 టీబీ ఉందనుకుంటే మొదటి దాంట్లో 30 గంటలు, రెండో దాంట్లో 3 గంటలు. చిన్న చిన్న ఫొటోలు వేలకొద్దీ ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే మొదటి పెద్ద కాపీ నెట్‌వర్క్ మీద కాకుండా డెస్క్‌టాప్‌కే యూఎస్‌బీతో పెట్టి చేయండి.

రెండు డిస్క్‌లు ఎందుకో చెప్తానన్నాను. డెస్క్‌టాప్ లోపలున్నది అందరూ వాడేది. పోర్టబుల్ డిస్క్ దానికి కాపీ. నెలకోసారి, ఏ ఒకటో తారీఖునో, పోర్టబుల్ డిస్క్ పెట్టి ఫ్రీఫైల్‌సింక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కొత్తగా చేరినవి ఎక్కించి, డిస్క్ తీసేసి బీరువాలో పెట్టాలి. తీసేయడం ముఖ్యం. ఎప్పుడూ తగిలించే ఉంటే, వైరస్ వచ్చినా పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. మూడోది మీ మరిది ప్రశ్న దగ్గర దొరుకుతుంది.

నాస్ సంగతికి వస్తే, షాపాయన చెప్పింది తప్పు కాదు, తొందర మాత్రమే. నాస్ అంటే డిస్క్‌లు పెట్టుకోవడానికే చేసిన ఒక చిన్న కంప్యూటర్. పాత డెస్క్‌టాప్ ఊరికే ఆన్‌లో ఉంటే 70 వాట్లు లాగుతుందనుకోండి, రోజంతా ఉంచితే నెలకు 50 యూనిట్లు. రెండు డిస్క్‌ల నాస్ 15, 20 వాట్లతో సరిపెట్టుకుంటుంది, నెలకు 11 నుంచి 14 యూనిట్లు. మీ ఇంట్లో డెస్క్‌టాప్ పొద్దున, సాయంత్రం ఆన్ చేస్తే చాలనిపిస్తే నాస్ అక్కర్లేదు. "ఆన్ చేయవే, ఫొటో చూడాలి" అనే కేకలు రోజూ వినబడుతుంటే కొనండి. ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మీ డెస్క్‌టాప్ విండోస్ 11కి రాకపోతే దాన్ని ఏళ్ళ తరబడి ఇంటి ఫైళ్ళకు కేంద్రంగా ఉంచడం మంచిది కాదు. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే అదే డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి నాస్‌గా మార్చవచ్చు. అది ఉచితం, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. కానీ అబ్బాయి రేపు హాస్టల్‌కి వెళ్తే దాన్ని చూసుకునేది ఎవరన్నది ముందే అనుకోండి. ఆ బాధ్యత మీ మీద పడేట్టుంటే సైనాలజీ లాంటి కంపెనీ రెడీమేడ్ నాస్ పెట్టె మేలు.

కొంటే రెండు డిస్క్‌లు పట్టేది కొనండి. డిస్క్‌లు కొనేటప్పుడు సీఎమ్‌ఆర్ (డిస్క్ మీద రాసే ఒక పద్ధతి) రకమా అని అడగండి, ఎస్‌ఎమ్‌ఆర్ రకం నాస్‌లో పెట్టుకుంటే ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టినప్పుడు తిరిగి నింపుకోవడం బాగా ఆలస్యమవుతుంది. 'రెయిడ్ 1' పెట్టుకుంటే రెండు డిస్క్‌లలోనూ ఒకటే ఉంటుంది, ఒకటి పాడైనా ఇల్లు నడుస్తుంది. "రెయిడ్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకు" అన్నారంటే మాత్రం నేను ఒప్పుకోను. రెయిడ్‌లో మీరు ఒక ఫైల్ చెరిపితే అదే క్షణంలో రెండింట్లోనూ చెరిగిపోతుంది. బీరువాలోని డిస్క్ అప్పుడూ ఉండాల్సిందే.

కరెంటు పోయే ఊళ్ళలో ఇంకో మాట. డిస్క్ రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు చెడిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక 'యూపీఎస్ మోడ్' మీట ఉందేమో చూడండి, మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునే లోపే కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. ఇన్వర్టర్ లేకపోతే చిన్న యూపీఎస్ ఒకటి తప్పదు.

డాలస్ సంగతి. మీ మరిది అక్కడి నుంచి మీ ఇంటి డెస్క్‌టాప్‌లోకి రావాలంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి లోపలికి దారి తెరవడం, చేయమంటారు కొందరు. వద్దు. ఎస్‌ఎమ్‌బీని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని. నాస్‌లను కూడా అలా తెరిచి పెట్టి జనం నష్టపోయారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోకి దూరి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రసే ఉండదు, ఒకే అడ్రస్ వెనక ఎన్నో ఇళ్ళను సర్దుతారు, అందుకే పోర్ట్ ఫార్వర్డింగ్ తరచూ పని కూడా చేయదు. నిజంగా లోపలికి రావాల్సిన అవసరం ఉంటే టెయిల్‌స్కేల్ అనే యాప్ డెస్క్‌టాప్‌లోనూ, ఆయన ఫోన్‌లోనూ పెట్టండి. రెండిటి మధ్య ఎన్‌క్రిప్ట్ అయిన దారి వేస్తుంది, రౌటర్‌లో ఏదీ తెరవక్కర్లేదు, ఇంటివాడకానికి ఉచితం.

కానీ ఆయనకు కావాల్సింది మీ డిస్క్ కాదు, ఫొటోలు. ఎవరైనా అమెరికా వెళ్తున్నప్పుడు, బహుశా మీ మామగారే వెళ్తారేమో, ఫొటోల కాపీ ఉన్న ఇంకో పోర్టబుల్ డిస్క్ చేతిసంచిలో పెట్టి పంపండి. మరిది ఇంట్లో ఆ డిస్క్ ఉంటే వాళ్ళకు ఫొటోలు ఉంటాయి, మీకు ఇంటి బయట మూడో కాపీ ఉంటుంది. తర్వాత వచ్చే కొత్త ఫొటోలను ఒక క్లౌడ్ ఆల్బమ్‌లో పెడుతుంటే చాలు. కాగితాల స్కాన్లు మాత్రం అందులో అలాగే పెట్టకండి. పెట్టాలంటే వెరాక్రిప్ట్ లాంటి దానితో తాళం వేసి పెట్టండి, పాస్‌వర్డ్ మీవారికీ మీకూ ఇద్దరికీ తెలిసి ఉండాలి. అది మరిచిపోతే తెరిచే దారి ఎవరి దగ్గరా ఉండదు.

మామగారి తెలుగు పేర్ల గురించి. ఆయన్ని మార్చుకోమనకండి, హాయిగా తెలుగులోనే పెట్టమనండి. ఇప్పటి విండోస్, ఆండ్రాయిడ్, నాస్ అన్నీ తెలుగు పేర్లను చక్కగా చూపిస్తాయి. ఒక్క చోట జాగ్రత్త పడాలి, పేరు పొడవు. విండోస్ డిస్క్ ఒక పేరులో 255 అక్షర సంకేతాల దాకా ఒప్పుకుంటుంది. నాస్‌లు లినక్స్ మీద నడుస్తాయి, అక్కడ పరిమితి 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు కావాలి. 'శ్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం గుర్తు కలిపి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. అంటే నాస్‌లో ఒక తెలుగు పేరు 85 సంకేతాలకు మించకూడదు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లలో కొన్నిచోట్ల ఇంకా తక్కువ. "మన చిన్నబ్బాయి పెళ్ళికి వచ్చిన వరంగల్ బంధువులందరితో కలిసి వేయి స్తంభాల గుడి దగ్గర దిగిన పెద్ద ఫొటో" అని ఆయన పెట్టిన పేరు డెస్క్‌టాప్‌లో బాగానే ఉంటుంది, నాస్‌కి కాపీ చేసే రోజున ఆగిపోతుంది. ముందు ఏడాది, నెల అంకెల్లో, తర్వాత నాలుగైదు మాటలు పెట్టమనండి: "2014-02 చిన్నబ్బాయి పెళ్ళి వేయి స్తంభాల గుడి". తేదీ ముందుంటే ఫైళ్ళు వాటంతట అవే ఏ ఏడాదివి ఆ ఏడాది వరసలో కూర్చుంటాయి. ఫొటోలో ఎవరెవరున్నారో రాయాలని ఆయనకు ఉంటే, ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి అందులో ఎంత కావాలంటే అంత రాసుకోమనండి, దానికి ఈ పరిమితి లేదు. పాతవాళ్ళ పేర్లు, వరసలు ఇంట్లో బాగా గుర్తున్నది ఆయనకే అయి ఉంటుంది కాబట్టి ఆ పని ఆయనతోనే చేయించండి.